ముందుపట్టీ అరిగిన కుర్చీ

పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో జోగారావు ఇంటికి వెళ్లినవాళ్లు ఎవరైనా సరే నిలబడే మాట్లాడాలి. ఇల్లు నిండా కుర్చీలే కనిపిస్తుంటాయి కాబట్టి కొత్తవాళ్లకు ఇది మింగుడు పడదు. హాల్లో గోడవారగా కుర్చీలు, మంచం పక్కన కుర్చీలు, వంటింటి గుమ్మం దగ్గర ఒకదాని మీద ఒకటి బోర్లించిన కుర్చీలు. ఒక్కదాని మీద కూడా కూర్చోవడానికి వీల్లేదు. కూర్చోబోతే జోగారావు పరుగున వచ్చి అడ్డం పడతాడు. ఆయన భార్య అరుణాదేవి ఎవరైనా చుట్టాలు రాగానే బీరువా వెనక నుంచి చాప తీసి పరుస్తూ, "మా ఇంట్లో మర్యాదలన్నీ కుర్చీలకేనండీ, మనుషులు ఇలా కింద సర్దుకోవాల్సిందే" అంటుంది. మొదట్లో ఆ మాట నవ్వుతూ అనేది.

ఇవేమీ నవాబుల కాలం నాటి సింహాసనాలు కావు. స్వాతంత్ర్యం వచ్చాక తొలి రెండు మూడు దశాబ్దాల్లో సర్కారు ఆఫీసుల కోసం చేసిన టేకు కుర్చీలు. వాటికి నగిషీ ఉండదు, పువ్వూ తీగా ఉండవు. కత్తెర తెరిచినట్టు వాలుగా దిగే కాళ్లు, పేముతో అల్లిన సీటు, పేముతో అల్లిన వీపు, చేతులు ఆనించుకోవడానికి రెండు చదునైన చెక్కలు, అంతే. ఆ రోజుల్లో గుమాస్తాలు వాటి మీదే ఫైళ్లు రాశారు, మధ్యాహ్నాలు కునుకు తీశారు, రిటైరైపోయారు. తరువాత స్టీలు కుర్చీలొచ్చాయి, ఆపైన చక్రాల కుర్చీలొచ్చాయి. పాతవాటిని గోదాముల్లో పడేస్తే చెదలు తిన్నంత తిన్నాయి, మిగిలినవి టీ కొట్ల పొయ్యిల్లోకి పోయాయి. ఇంతలో విదేశాల వాళ్లెవరో చండీగఢ్ ఆఫీసుల కుర్చీలను వేలంలో కొనుక్కుని అద్దాల గదుల్లో పెట్టుకుంటున్నారని తెలిసింది. అప్పుడు గానీ మనవాళ్లకు కళ్లు తెరుచుకోలేదు. మన ఇంటి వస్తువును పరాయివాడు ముద్దు చేస్తే గానీ మనకు ముద్దు రాదు, అదేం ఖర్మో!

జోగారావుది మాత్రం అరువు ముద్దు కాదు. మండపేట నుంచి డ్రాఫ్ట్స్‌మన్ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చి, పంజాగుట్టలో ఒక ఆర్కిటెక్టు దగ్గర ఇళ్ల ప్లాన్లు గీసే పనిలో చేరినవాడు. కంప్యూటర్లు వచ్చి చేతిగీతకు పని లేకుండా పోతే, అమీర్‌పేటలో ఒక మూడో అంతస్తు గదిలో కంప్యూటర్ మీద గీయడం నేర్చుకున్నాడు. మరుసటి ఏడాదికి అదే సందులో పిల్లలకు నేర్పుతున్నాడు. అమీర్‌పేటలో అది వింతేమీ కాదు, నిన్న నేర్చుకున్నవాడు ఇవాళ సారు. ఆ రోజుల్లోనే సనత్‌నగర్‌లో ఒక పాతసామాను దుకాణం ముందు, ఎండలో తాడుతో కట్టిపడేసిన రెండు కుర్చీలు కనిపించాయి. వాటి కాళ్ల వాలు చూసి ఆగిపోయాడు. చేత్తో అలాంటి గీత గీయాలని ఎంత ప్రయత్నించినా తనకెప్పుడూ కుదరలేదు. అక్కడ ఎవడో పేరులేని వడ్రంగి దాన్ని చెక్కలో గీసి పడేశాడు. ఆ కుర్చీలను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకున్న రోజు నుంచి జోగారావు మరి బాగుపడలేదని అరుణాదేవి అభిప్రాయం.

ఆ పిచ్చే ముదిరి, అసలు కుర్చీ ఏదో నకలు కుర్చీ ఏదో తేల్చి చెప్పగలిగే మనిషిగా పేరు తెచ్చింది. గిరాకీ పెరిగాక నకళ్లు పుట్టుకొచ్చాయి మరి. కూల్చేసిన పాత ఇళ్ల గుమ్మాల టేకు తెచ్చి, పాత మేకులే కొట్టి, పాత పద్ధతిలోనే కలిపి దింపుతున్నారు. కర్ర వయసు చూస్తే నిజంగా పాతదే, అతుకు చూస్తే పాత పనితనమే. వాసనలోనూ బరువులోనూ తేడా తెలియదు. ఆఫీసు వాళ్లు తెల్లరంగుతో కుర్చీ వెనకపట్టీ మీద వేసే నంబరు ఉంటే కొంత నమ్మకం. నంబరూ లేకపోతే జోగారావుకు మిగిలేది ఒక్కటే, అరుగుదల. మనిషి రోజూ కూర్చున్న కుర్చీ మీద ఆ మనిషి గుర్తులు పడతాయి. కుడిచెయ్యి ఆనే చోట చెక్క నున్నబడుతుంది. వీపు తగిలే చోట పేము చెమటకూ నూనెకూ నల్లబడుతుంది. సీటు నడుమ కుంగుతుంది. వెనక్కి ఒరిగి ఒరిగి వెనక కాళ్ల మడమలు గుండ్రంగా అరుగుతాయి. నకలు చేసేవాళ్లకు అంత ఓపిక ఉండదు. సీటు ముందంచున, ఎదురుగా కంటికి కనిపించే ముందుపట్టీని శాండ్‌పేపర్‌తో నాలుగు రుద్దులు రుద్ది ఊరుకుంటారు. దాన్నిబట్టే జోగారావు వాళ్ల మోసం పట్టేసేవాడు. ఇంతవరకూ ఆ లెక్క తప్పలేదని ఆయనకు గర్వం. ఆ గర్వం కొంచెం ఎక్కువే.

దివ్యశ్రీ తన తాతను వెంటబెట్టుకుని వచ్చింది సంక్రాంతి దాటాక ఒక ఆదివారం పొద్దున. ఒకప్పుడు జోగారావు దగ్గర క్లాసులకు వచ్చిన పిల్ల, ఇప్పుడు అమీర్‌పేటలోనే ఏదో కన్సల్టెన్సీలో ఉద్యోగం. ట్రాలీ ఆటోలో దుప్పటి చుట్టిన కుర్చీ, దాని పక్కన దాన్ని పట్టుకుని తాత. ఆయన పేరు సారయ్య. సన్నగా ఉంటాడు, మెడదాకా గుండీలు పెట్టుకున్న తెల్లచొక్కా, చేతిలో టోపీ. లక్డీకాపూల్‌లో ఒక సర్కారు ఆఫీసులో చప్రాసీగా చేసి రిటైరైన మనిషి. లోపలికి వస్తూనే గోడవార కుర్చీలన్నిటినీ ఒకసారి చూసి, చెప్పులు మెట్ల మీదే వదిలి, తలుపు పక్కన నిలబడ్డాడు. అరుణాదేవి చాప పరిచి కూర్చోమంటే, "వద్దమ్మా, నిలవడుడు నాకు అలవాటే" అన్నాడు.

"అమ్మనీకి తేలే సార్," అన్నాడు దుప్పటి విప్పుతూ. "జర చూసి, అసల్దో కాదో చెప్పుండ్రి. గంతే."

కుర్చీ తళతళా మెరుస్తోంది. అది చూసి జోగారావు మొహం చిన్నబోయింది.

"దీనికి వార్నిష్ ఎవరు వేశారండీ?"

"నేనే సార్. ప్రతి దసరాకు ఒక చెయ్యి ఏస్త. గన్నేండ్ల సంది ఒక్క దసరా తప్పలే," అన్నాడు సారయ్య మెప్పు కోసం చూస్తున్నట్టు.

అంటే నంబరు ఉండి ఉంటే అది కూడా ఆ పొరల కింద ఎప్పుడో కలిసిపోయింది. జోగారావు కుర్చీని తిరగేసి, కళ్లజోడు నుదుటి మీదికి జరుపుకుని పనిలో పడ్డాడు. ఆయన చూస్తున్నంతసేపూ సారయ్య ఆ కుర్చీ కథ చెప్పాడు. దివ్యశ్రీ ఆ కథను చిన్నప్పటి నుంచి వింటున్నట్టుంది, మధ్యమధ్య తాత కంటే ముందే పెదవులు కదుపుతోంది.

"మా పెద్దసార్ గదిల రెండు కుర్చీలుండె సార్, జోడు. ఒకదాంట్ల ఆయన కూసుండెటోడు. నాకు మోకాలికి దెబ్బ తాకి నిలవడరాకుంటైతె, రెండోదాన్ని తన చేతులతోని పట్టుకొచ్చి తలుపు ముంగట ఏసిండు. చప్రాసికి గిసొంటి కుర్చీ ఏందని ఆఫీసంత గుసగుసలు. నేను కూసునే కుర్చీలనే సారయ్య సుత కూసుంటడు, మీకేం తక్లీఫ్ అన్నడు సార్. అందరి ముంగట అన్నడు. పాతికేండ్లు దాంట్లనే కూసున్న. స్టీలు కుర్చీలొచ్చి పాతయి హర్రాజు ఏసినప్పుడు, తనే పాడి, రిక్షాల మా ఇంటికి పంపిచ్చిండు."

"తాత ఎప్పుడూ ఇదే చెప్తడు సార్," అంది దివ్యశ్రీ. "మా నానమ్మ నమ్మదు. చప్రాసికి ఆఫీసర్ కుర్చీ ఎవలిస్తరు, ఏదో ఉత్తదాన్ని ఇచ్చి ఉంటడంటది. నేనే తీసుకొచ్చిన, మీరు చెప్తే ఇంట్ల లొల్లి తెగుతదని."

లొల్లి తెగడం ఒక్కటే కాదు ఆ ముసలాయనకు కావలసింది. తనను ఒక పెద్దమనిషి తనతో సమానంగా చూశాడన్నది ఆయన జీవితంలో దొరికిన ఒకే ఒక్క మర్యాద. ఆ మర్యాద నిజమేనని ఇంకొకరి నోటితో వినాలని వచ్చాడు. జోగారావుకు అదేమీ పట్టలేదు. ఆయన కుర్చీని చూస్తున్నాడు.

అతుకులు బాగున్నాయి, కర్ర పాతది. కానీ చేతుల మీద ఎక్కడా నునుపు లేదు, వార్నిష్ కింద చెక్క అంచులు ఇవాళ చెక్కినంత పదునుగా ఉన్నాయి. వీపు పేము మీద ఒక్క మరక లేదు. సీటు నడుమ కుంగనే లేదు. వెనక కాళ్ల మడమలు చదునుగా ఉన్నాయి. అరిగిందల్లా ముందుపట్టీ, ముందు కాళ్లు, సీటులో ముందువైపు బెత్తెడు మేర పేము. జోగారావు కుర్చీని నేల మీద నిలబెట్టి చేతులు దులుపుకున్నాడు.

"నకలండీ," అన్నాడు.

సారయ్యకు వెంటనే అర్థం కాలేదు. "ఎట్ల సార్?"

"మీరేమో పాతికేళ్లు దీంట్లో కూర్చున్నానంటున్నారు. దీని వీపుకు మనిషి వీపు తగిలిన జాడే లేదు. ఈ చేతుల మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ముందుపట్టీ ఒక్కటే అరిగింది. అరగడం కాదండీ, అరగదీశారు. ఇలాంటివి ఎన్ని చూశాను!" అక్కడితో ఆగి ఉంటే పోయేది. ఉషారుగా ఉన్నాడేమో, నాలుక ఊరుకోలేదు. "మీ పెద్దసారు గట్టివాడే. జోడులో రెండోది తనింటికి చేర్చుకుని, చప్రాసీకి ఇది చాల్లే అని సనత్‌నగర్‌లో చేయించి ఉంటాడు. మీరేమో దానికి ఏటా దసరా చేస్తున్నారు!" అని నవ్వాడు.

సారయ్య కుర్చీ వైపు చూశాడు. ఆ కుర్చీలో తాను ఎలా కూర్చునేవాడో చెప్పడానికి ఆయన నోరు తెరవలేదు. సారు ఒక మాట చెప్పాక దాని మీద ఇంకో మాట చెప్పడం ఆయనకు జీవితంలో తెలియదు. పైగా, కుర్చీలో కూర్చోవడంలో తనదొక పద్ధతి, ఇతరులదొక పద్ధతి ఉంటుందని కూడా ఆయనకు తోచలేదు.

"గట్లనే అయ్యుంటది సార్. మీకు తెల్వంది ఏముంది," అన్నాడు. అరుణాదేవి ఇచ్చిన టీ నిలబడే తాగాడు. పెరట్లో కుళాయి దగ్గర గ్లాసు తనే కడిగి, తలుపు పక్కన బోర్లించి, కుర్చీకి మళ్లీ దుప్పటి చుట్టుకున్నాడు. వచ్చేటప్పుడు చుట్టినంత జాగ్రత్తగా చుట్టలేదు. దివ్యశ్రీ ఆటో మాట్లాడటానికి ముందే బయటికి వెళ్లిపోయింది, ఆమెకు ఏడుపొచ్చినట్టుంది.

వాళ్లు వెళ్లాక అరుణాదేవి చాప మడతపెడుతూ, "నకలైతే నకలనండి, దానికి మిమ్మల్నెవరూ అనరు. ఆ పెద్దసారు సంగతి మీరెందుకెత్తారు? ఆయన మొహం చూశారా?" అంది.

"ఉన్నమాట చెప్పాను. నా పనే అది."

"ఉన్నమాట కుర్చీది. ఆ మనిషిది మీకేం తెలుసు?" అని చాప తీసి బీరువా వెనక పెట్టేసింది. జోగారావు సాయంత్రానికల్లా ఆ సంగతి మరిచిపోయాడు. మరిచిపోవడం ఆయనకు పెద్ద కష్టమైన పనేమీ కాదు, కుర్చీలను తప్ప.

ఎండలు ముదిరాక కృష్ణానగర్ నుంచి తారక్ ఫోన్ చేశాడు. సినిమాలకు సెట్లు వేసే కుర్రాడు, అప్పుడప్పుడు సలహాలకు ఫోన్ చేస్తుంటాడు. పాతకాలపు ఆఫీసు సీను ఒకటి ఉందట, అలాంటి కుర్చీ కావాలట. "మీవి ఇవ్వరని తెలుసు సార్. నకలైనా పర్లేదు, కెమెరాకు కనపడితే చాలు," అన్నాడు. జోగారావుకు చటుక్కున సారయ్య కుర్చీ గుర్తొచ్చింది. ఇంట్లో ఊరికే పడి ఉండేదానికి నాలుగు రోజులు అద్దె వస్తుంది, తెర మీద కూడా కనిపిస్తుంది, ముసలాయన సంతోషిస్తాడు అనుకున్నాడు. తనకు తానే ఎంత మంచివాడిలా తోచాడంటే, దివ్యశ్రీకి ఫోన్ చేసి అడ్రసు కనుక్కుని, ఎండను లెక్కచెయ్యకుండా ఆ మధ్యాహ్నమే బయలుదేరాడు.

మెట్రో స్తంభాల నీడలో అమీర్‌పేట దాకా నడిచి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద పిల్లల గుంపులను తప్పించుకుంటూ, బల్కంపేట వైపు పోయే దారిలో ఒక ఇరుకు సందులోకి తిరిగాడు. రెండు హాస్టళ్ల మధ్య నొక్కుకుపోయి ఉంది ఆ ఇల్లు. ముందొక గది, వెనక వంటకు ఇంకాస్త జాగా. సారయ్య భార్య వజ్రమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎవరని అడిగి, పేరు వినగానే ఆమె మొహం గట్టిపడింది. అయినా లేచి, ఉన్న రెండు ప్లాస్టిక్ కుర్చీల్లో ఒకదాన్ని కొంగుతో తుడిచి వేసింది.

లోపల మంచం మీద పడుకుని ఉన్న సారయ్య జోగారావును చూసి గబగబా లేచి, చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు.

"కూసో," అంది వజ్రమ్మ. "మోకాళ్ల నొప్పులు పెట్టుకొని నిలవడతడు. కూసోరాదు!"

సారయ్య రెండో కుర్చీలో కూర్చున్నాడు. జోగారావు సినిమా సంగతి మొదలుపెట్టాడు. చెప్తూ చెప్తూ ఉండగా మాట నెమ్మదించింది. ఎదురుగా సారయ్య కూర్చున్న తీరు ఆయన కంట్లో పడింది. పడ్డాక ఇంక చూపు తిప్పుకోలేకపోయాడు.

సారయ్య కుర్చీ అంచున బెత్తెడు మేరలోనే కూర్చున్నాడు. వీపు నిటారుగా ఉంది, దాని వెనక ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. అరచేతులు రెండూ మోకాళ్ల మీద ఉన్నాయి, కుర్చీ చేతుల మీద లేవు. మడమలు లేపి, మునివేళ్ల మీద, ఎవరో పిలవగానే లేచి పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నాడు. బరువంతా ముందుకే పడటంతో తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ వెనక కాళ్లు నేలకు ఆనీ ఆననట్టున్నాయి.

జోగారావు సినిమా సంగతి మధ్యలోనే వదిలేశాడు. "సారయ్యగారూ," అన్నాడు, "కొంచెం వెనక్కి జరిగి, ఆనుకుని కూర్చోండి."

"మంచిగనే ఉంది సార్."

"ఒకసారి కూర్చోండి, నాకోసం."

పెద్దమనిషి అడిగాడు కాబట్టి సారయ్య వెనక్కి జరిగాడు. వీపు ఆనిందో లేదో, మళ్లీ తనకు తెలియకుండానే ముందుకు వచ్చేశాడు.

"ఆఫీసులో కూడా ఇలాగే కూర్చునేవారా?"

"మరెట్ల కూసుంటం సార్?" సారయ్యకు ఆ ప్రశ్నే వింతగా ఉంది. "లోపల సార్ ఉంటడు గద. గంట కొడ్తె లేవాలె. చేతులు చాపుకొని, ఒరిగి కూసుంటె ఎవలన్న చూస్తె ఏమనుకుంటరు? చప్రాసి నవాబ్ లెక్క కూసున్నడంటరు."

పాతికేళ్లు ఆ మనిషి ఆ కుర్చీలో అలాగే కూర్చున్నాడు. చేతుల మీద చెయ్యి వెయ్యలేదు. వీపు తగలనివ్వలేదు. ముందుపట్టీ ఒక్కటే అరగదీశాడు, శాండ్‌పేపర్‌తో కాదు, తన తొడలతో. కుర్చీ మీద ఉన్న ప్రతి గుర్తూ నిజం చెప్పింది. ఆ పెద్దసారు తన జోడు కుర్చీనే తెచ్చి వేశాడు, ఈయన మాత్రం దాంట్లో చప్రాసీలాగే కూర్చున్నాడు. ఇలా కూర్చునే మనుషులు కూడా లోకంలో ఉంటారని జోగారావు ఎప్పుడూ ఆలోచించలేదు. ఆయన లెక్కలో కుర్చీ మీద కూర్చునేవాళ్లంతా ఆఫీసర్లూ గుమాస్తాలే. ఇవి పొయ్యిల్లోకి పోతున్న ఆ రోజుల్లో నకలు చేయించే అవసరం ఎవరికుంటుందన్నది కూడా ఆ ఆదివారం తనకు తట్టలేదు. ఆయన సిగ్గుతో చితికిపోయాడు.

"కుర్చీ ఏదండీ? ఒకసారి చూడాలి," అన్నాడు లేస్తూ.

వజ్రమ్మ చేతిలోని చింతపండు పళ్లెంలో పడేసింది.

"యాడిది సార్ కుర్చీ? హోలి ముంగట కాముని పున్నమకు మంట ఏసెటందుకు బస్తీ పోరగాళ్లు ఇల్లిల్లు తిరిగి పాత కట్టె అడుగుతరు గద, ఎప్పుడు అడిగేటట్టే అడిగిండ్రు. విరిగిన పీట ఉంటె ఇద్దమని నేను తీస్తనే ఉన్న. ఈయన కప్పిన బట్ట తీసేసి కుర్చీ ఎత్తుకొని తనే చౌరస్తా దాక పోయిండు. వద్దు, పడుండనియ్యి ఒక మూలకు అన్న. ఇన్నడా? నకల్ది నా కండ్ల ముంగట ఉండొద్దన్నడు. కాముని మంటల ఏసొచ్చి, ఆ దినం బువ్వ సుత తినలే."

జోగారావు మళ్లీ కూలబడ్డాడు. బయట హాస్టల్ పిల్లలెవరో గట్టిగా నవ్వుకుంటూ పోతున్నారు. ఏమీ చెప్పకుండా వెళ్లిపోవచ్చు. కుర్చీ దొరకలేదని తారక్‌కు చెప్తే సరిపోతుంది. ముసలాయన సగం మరిచిపోయిన దుఃఖాన్ని మళ్లీ కెలకడం ఎందుకని లోపల ఒక గొంతు బాగానే సర్దిచెప్పింది. కానీ ఎదురుగా సారయ్య ఇంకా ఆ అంచునే కూర్చుని, సారు ఏం చెప్తాడోనని చూస్తున్నాడు. ఆయన్ని అలా వదిలేసి లేవడం జోగారావు వల్ల కాలేదు.

"సారయ్యగారూ, నేను పొరపాటు పడ్డాను," అన్నాడు. "అది అసలు కుర్చీయే. మీ పెద్దసారు మిమ్మల్ని మోసం చెయ్యలేదు. ఆయన కూర్చున్న కుర్చీ జోడే మీకిచ్చాడు."

వజ్రమ్మ ముందు తేరుకుంది. "కాలినంక అసల్దంటె ఏంది సార్? కుర్చీ ఉన్నప్పుడు నకల్దంటివి. లేనప్పుడు ఏం చూసి అసల్దంటున్నవు?"

"ఈయన కూర్చున్న తీరు చూసి చెప్తున్నానమ్మా."

"మంచిగుంది," అంది ఆమె. ఆ మాటలో నమ్మకం లేదు. ఆమెను తప్పుపట్టడానికీ లేదు. బూడిదకు అసలని సర్టిఫికెట్ ఇస్తానంటే ఎవరైనా ఏం నమ్ముతారు? దివ్యశ్రీ వింటే ఇంకా నమ్మదు. సారు తాత మీద జాలిపడి చెప్తున్నాడనుకుంటుంది. ఆ కుర్చీతోపాటు జోగారావు మాటకున్న విలువ కూడా చౌరస్తాలో కాలిపోయింది.

సారయ్య మాత్రం నమ్మాడు. సారు నకలన్నప్పుడు ఎలా నమ్మాడో, ఇప్పుడూ అలాగే నమ్మాడు. ఆయన మొహం ఒక్క క్షణం విప్పారింది. "చెప్పిన గద, మా సార్ గసొంటోడు కాదని," అన్నాడు భార్య వైపు తిరిగి. తరువాత ఆ వెలుగు మెల్లగా తగ్గిపోయింది. కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు చెంపల మీద అలాగే జారుతున్నాయి.

"దినాం చెప్పెటోడు మా పెద్దసార్. ఒరిగి కూసో సారయ్యా, వీపుకు ఆరాముంటది అనెటోడు. సరే సార్ అనెటోన్ని. ఒరగకపోయెటోన్ని. ఇంటికొచ్చినంక ఎవలున్నరు చూసెటందుకు? అయినా ఒరగలే. సార్ ఇచ్చిన అసల్ది, ఖరాబైతదని బట్ట కప్పి పెట్టిన."

"మరి ఎప్పుడూ ఒరగనే లేదా?" అన్నాడు జోగారావు.

"ఒక్కపారి ఒరిగిన సార్," అన్నాడు సారయ్య. "చౌరస్తాల, కాముని కాడ. పోరగాళ్లు ఇంక కట్టె పేరుస్తుండ్రు. ఎట్లైన నకల్దే గద, కాలిపొయ్యేదే గద అని నడి రోడ్డు మీద ఏసుకొని, చేతులు రెండు పెట్టి, ఎనకకు ఒరిగి కూసున్న. మస్తు నిమ్మలంగుండె సార్. వీపుకు ఎవలో చెయ్యి పెట్టి పట్టుకున్నట్టుండె. అప్పుడు అనిపిచ్చింది నాకు, ఇది నకల్ది కాదేమో అని."

ఆయన చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి.

"మరి మీరు చెప్పిండ్రు గద సార్. అందుకే లేచి, ఇచ్చేసిన."